పుల్లేటిదిబ్బ ఆరో రాయి

ఆ గురువారం పొద్దున ఏలూరు తాలూకా సర్వేయరు దస్తగిరి పెట్టుకున్న పని చాలా చిన్నది. ఏడున్నర పాసింజరులో భీమడోలు వెళ్లాలి. అక్కడి నుంచి కొల్లేటి వైపు మైలున్నర నడిచి పుల్లేటిదిబ్బ చేరుకోవాలి. దిబ్బ చుట్టూ ఉన్న సరిహద్దు రాళ్లకు సున్నం కొట్టించాలి. సాయంత్రం నాలుగింటికి తాసిల్దారు గారూ, జిల్లా బోర్డు ఇంజనీరు గారూ వస్తారు. వాళ్లకు రాళ్లు చూపించి, కాగితం మీద ఇద్దరి చేతా సంతకాలు పెట్టించి, ఆరింటి బండికి ఇల్లు చేరాలి.

"భోజనం కట్టనా అండీ?" అని అడిగింది భార్య కమరున్నీసా.

"ఎందుకూ? రాళ్లు ఎక్కడికీ పోవుగా. మధ్యాహ్నానికే పని అయిపోతుంది," అన్నాడు దస్తగిరి.

పంతొమ్మిదేళ్ల కాపురంలో ఆయన ఇలా తేలిగ్గా చెప్పి వెళ్లిన రోజున వేళకు తిరిగి వచ్చింది లేదు. కమరున్నీసా ఎదురు చెప్పకుండా నాలుగు రొట్టెలూ, ఇంత వంకాయ కూరా గుడ్డలో కట్టి, కొలత గొలుసు ఉన్న సంచిలో పెట్టింది. సంచి బరువెక్కింది. దస్తగిరి అందులోంచి ఆఫీసు సర్వే పటం తీసి బల్ల మీద పడేశాడు. పటం ఆ ఊరి కరణం దగ్గర ఎలాగూ ఒకటి ఉంటుంది.

ఆ సంతకాల కోసం రెండేళ్లుగా ఫైలు నడుస్తోంది. 1936 నాటికి ఏలూరు జనం ఆకాశంలో పోయే విమానాన్ని ఒకటి రెండుసార్లు చూశారు గాని, నేల మీద ఆగిన విమానాన్ని చూసినవాళ్లు వేళ్ల మీద లెక్క. ఈ ప్రాంతంలో విమానాలు దిగడానికి ఒక మైదానం ఉంటే బాగుంటుందని మద్రాసులో తలచారు. మైదానం చూసుకోవలసింది జిల్లా బోర్డు. భూమి సర్కారుది. యాభై ఎనిమిది ఎకరాల పశువుల మేత పోరంబోకు; కొల్లేరు ఎంత పొంగినా మునగని మెరక. సర్కారు భూమి బోర్డుకు దఖలు పడాలంటే సరిహద్దులు స్పష్టంగా ఉండాలి, ఇరుగు పొరుగు రైతులకు ఆక్షేపణ ఉండకూడదు.

"ఒక్క ఆక్షేపణ లేకుండా ఇది జరిపించావంటే, జూన్‌లో ఖాళీ అయ్యే హెడ్ సర్వేయరు పనికి నీ పేరే రాస్తాను," అని తాసిల్దారు గారు చెప్పారు.

"జరిగిపోయిందనుకోండి," అన్నాడు దస్తగిరి.

అది పొగరు కాదు. పంతొమ్మిదేళ్ల సర్వీసులో ఆయన కొలతలో గజం తేడా వచ్చిందని ఎవరూ అనలేదు. సర్వీసు రిజిస్టరులో ఎర్రసిరాతో రాసిన మాట ఒక్కటీ లేదు. తన లెక్క మీద తనకు ఆ మాత్రం నమ్మకం ఉండడం న్యాయమే.

దిబ్బ మీద కరణం తాతారావు గొడుగు వేసుకుని నిలబడి ఉన్నాడు. కొలత గొలుసు పట్టే చైన్‌మాన్ అహరోను సున్నం కుండా, చీపురు కట్టా పట్టుకొచ్చాడు. ముగ్గురూ పటం ప్రకారం చుట్టూ తిరిగారు. తొమ్మిదిన్నరకల్లా అయిదు రాళ్లు తెల్లగా మెరిశాయి. ఉత్తరం వైపు ఆరో గుర్తు దగ్గరికి వచ్చేసరికి గడ్డి ఉంది, రెండు ఉడతలున్నాయి, రాయి లేదు.

"కరణం గారూ, ఆరో రాయి ఏదండీ?"

"ఉండాలండీ," అన్నాడు తాతారావు.

"ఉండాలి, సరే. ఎక్కడుంది?"

తాతారావు పటం విప్పి, గొడుగు చంకలో పెట్టుకుని, వేలితో ఒక నల్లచుక్కను చూపించాడు. "ఇదిగోనండీ, ఇక్కడుంది."

"కాగితం మీద కాదండీ బాబూ, నేల మీద!"

"నేల మీద ఉండబట్టే కదండీ కాగితం మీదికి వచ్చింది," అన్నాడు తాతారావు వినయంగా.

దస్తగిరి గొలుసు పట్టించి కొలిచాడు. అయిదో రాయికీ ఒకటో రాయికీ మధ్య, గీత గీసినట్టు తిన్నగా, ఆరో రాయి ఉండవలసిన చోటు తేలింది. అక్కడ అహరోను పలుగుతో తవ్వి చూశాడు. నత్తగుల్లలు బయటపడ్డాయి.

రాయి పోయిందని రాస్తే ఏం జరుగుతుందో దస్తగిరికి తెలుసు. ఆ కాగితం ఏలూరు వెళ్లి, అక్కడి నుంచి పైకి వెళ్లి, కొత్త రాయి మంజూరై వచ్చేసరికి మూడు నెలలు. జూన్ దాటిపోతుంది. ఆయన నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని నలువైపులా చూశాడు. నలభై గజాల అవతల, పక్క పొలం మూల, అచ్చు అలాంటి రాయే నిలబడి ఉంది.

"అది ఎవరి పొలమండీ?"

తాతారావు గొంతు తగ్గించాడు. "అచ్చమ్మదండీ."

"ఆమె ఇప్పుడు ఊళ్లో ఉందా?"

"లేదండీ. కూతురు పురుడని తాడేపల్లిగూడెం వెళ్లింది. అయినా అచ్చమ్మండీ... మీకు తెలియదు. ఉత్తరం పక్క ఇస్సాకు మాస్టారితో గట్టు కోసం పదకొండేళ్లుగా కోర్టులో ఉందండీ."

"సర్వే రాయి ఎవరిదండీ, అచ్చమ్మదా, సర్కారుదా?"

"సర్కారుదేనండీ."

"మరింకేం! సర్కారు రాయిని సర్కారు నేలలో పాతితే తప్పేముంది? సాయంత్రం దాకానే. తాసిల్దారు గారు బండెక్కగానే మళ్లీ దాని చోట దాన్ని పాతేద్దాం. అహరోనూ, పలుగు తీసుకురా."

రాయి కదిపితే శిక్ష అని ఊరూరా చెప్పే మనిషే రాయి కదపమంటే అహరోను కాసేపు కాలితో మట్టి గీకాడు. తర్వాత పలుగు అందుకున్నాడు. పదకొండింటికల్లా అచ్చమ్మ రాయి దిబ్బ మీదికి వచ్చి, సున్నం పూసుకుని, ఆరో రాయి అయింది. దస్తగిరి దూరంగా నిలబడి చూసి తృప్తిపడ్డాడు. ముగ్గురూ రొట్టెలు తిన్నారు.

నాలుగింటికి అధికారులకు బదులు తాలూకా బంట్రోతు వచ్చాడు. ఇంజనీరు గారికి జ్వరమట. అప్పగింత సోమవారానికి వాయిదా.

"మరి రాయి తిరిగి పాతేద్దామాండీ?" అని అడిగాడు అహరోను.

"మళ్లీ సోమవారం తవ్వాలిగా. నాలుగు రోజులు ఉంటే ఏమవుతుంది? అచ్చమ్మ పురిటి నుంచి అంత తొందరగా వస్తుందా?" అని దస్తగిరి సంచి భుజాన వేసుకున్నాడు.

అచ్చమ్మ శుక్రవారం పొద్దున వచ్చింది. మనవడు పుట్టాడు, తల్లీ బిడ్డా క్షేమం, వియ్యపురాలితో మాత్రం రెండో రోజుకే చెడింది. భీమడోలులో బండి దిగి, ఇంటికి వెళ్లకుండా ముందు పొలం వెళ్లి చూసుకోవడం ఆమె అలవాటు. పొలం మూల రాయి బదులు గొయ్యి కనిపించింది. నలభై గజాల అవతల రాయి తెల్లగా మెరుస్తూనే ఉంది గాని, సున్నం కొట్టిన రాయి సర్కారు రాయి. దాన్ని అనుమానించాలని ఎవరికీ తోచదు. అచ్చమ్మకు తోచినది ఒక్కటే పేరు.

"ఇస్సాకు మాస్టారూ! నేను ఊళ్లో లేకపోవడం చూసి గట్టు మింగడానికి ఎత్తు వేశావన్నమాట," అనుకుంది.

ఆమె అరవలేదు. అరిస్తే మళ్లీ కోర్టు, మళ్లీ ప్లీడరు, మళ్లీ పదకొండేళ్లు. మే నెల మిట్టమధ్యాహ్నం పొలాల్లో కాకి కూడా ఉండదు. పాలేరును, ఎడ్లబండిని తీసుకెళ్లి, ఇస్సాకు పొలం ఉత్తరపు మూల రాయి పెకలించి తెచ్చి తన మూల పాతించుకుంది. గొయ్యి కాస్త కూలిపోయి ఉండడంతో చోటు జ్ఞాపకం మీద చూపించింది. పొలం హద్దు విషయంలో మనిషి జ్ఞాపకం ఎప్పుడూ సొంతవాళ్ల వైపే రెండు గజాలు ఎక్కువ పలుకుతుంది.

మరునాడు ఇస్సాకు చూసుకున్నాడు. ఆయన మిషను బడిలో మాస్టారు. నెమ్మదస్తుడు, పిల్లలను కూడా "ఏవండీ, పలక తీయండి" అనే రకం. గొయ్యి పక్కన గట్టు మీద కూర్చుని అరగంట ఆలోచించాడు. రాయి పోవడం ఎవరి పనో ఆయనకు తెలుసు. అచ్చమ్మను అడగడమంటే ఏమిటో పదకొండేళ్లుగా ఇంకా బాగా తెలుసు. రాయి లేకుండా కోర్టులో నిలబడితే ఏమవుతుందో ప్లీడరు చెప్పే ఉన్నాడు.

ఇంటికి వచ్చి భార్య విక్టోరియాతో, "ఉత్తరం పక్కవాళ్లకి ఆ వైపు రెండు రాళ్లున్నాయి. ఒకటి మనం సర్దుకుంటే వాళ్లకి లోటుండదు. ఇది దొంగతనం అనడానికి వీల్లేదు," అన్నాడు.

"మరి ఏమంటారండీ?" అంది విక్టోరియా.

"సర్దుబాటు."

ఆదివారం నాడు ఇలాంటి పని చేయడం ఆయన మనసుకు ఒప్పలేదు. అందుకని శనివారమే చేసేశాడు.

ఆ తర్వాత సంగతి చెప్పడానికి తేలిక, ఆపడానికే ఎవరివల్లా కాలేదు. రాయి పోయినవాడు పక్కవాణ్ణి అనుమానించి అవతలివాడి రాయి తెచ్చుకున్నాడు. ఆ అవతలివాడు ఇంకా అవతలికి వెళ్లాడు. శనివారం మధ్యాహ్నం, ఆదివారం మధ్యాహ్నం దిబ్బకూ రైలు కట్టకూ మధ్య బండ్ల దారిలో, ఏ సంవత్సరమూ ఆ వేళప్పుడు లేనంత రాకపోకలు జరిగాయి. ప్రతి బండిలోనూ పైకి గడ్డి. రెండు బండ్లు ఎదురైనప్పుడు, "గడ్డాండీ?" అని ఒకరు. "గడ్డేనండీ. మీదీ?" అని ఇంకొకరు. "మాదీ గడ్డే." ఎడ్లు మాత్రం, గడ్డికి ఇంత బరువెందుకో తెలియక, నురగలు కక్కుతూ నడిచాయి.

అలా పదమూడు పొలాలు దాటి, పద్నాలుగోది, రైలు కట్ట పక్కన నలభై సెంట్ల చెక్క. అది గుండుగొలను మౌలాలిది. మౌలాలి గిన్నెలకు కళాయి వేసి బతికేవాడు. తండ్రి మిగిల్చిన ఆ చెక్కలో కూరగాయలు పెట్టుకునేవాడు. ఆదివారం సాయంత్రం బెండ మొక్కలకు నీళ్లు పోయడానికి వెళ్తే మూలరాయి లేదు. అందరిలాగే అతనూ ఉత్తరం వైపు చూశాడు. ఉత్తరం వైపు పొలం లేదు. రైలు కట్ట ఉంది. కట్ట పక్కన ఒక రాయి ఉంది. దాని మీద ఏవో ఇంగ్లీషు అక్షరాలు చెక్కి ఉన్నాయి. మౌలాలికి చదువు రాదు. రాయికి రాయి అనుకుని దొర్లించుకొచ్చి పాతుకున్నాడు. అందరిలోకీ అమాయకుడు అతనే. చదవగలిగిన వస్తువు దొంగిలించినవాడూ అతనొక్కడే.

సోమవారం దస్తగిరి పదింటికే దిబ్బ చేరాడు. ఆరు రాళ్లూ తెల్లగా నిలబడి ఉన్నాయి. నలభై గజాల అవతల అచ్చమ్మ పొలం మూల ఇంకో రాయి ఉంది. దస్తగిరి రాళ్లన్నిటినీ వేలితో మళ్లీ లెక్కపెట్టాడు.

"కరణం గారూ, ఆ రాయి ఎక్కడిదండీ?"

"అదే నాకూ అర్థం కావడం లేదండీ. అచ్చమ్మ శుక్రవారమే వచ్చింది. నా ఇంటి మీదికి రాలేదు. ఎవరింటి మీదికీ వెళ్లలేదు. నాలుగు రోజులుగా ఊరు మరీ నిశ్శబ్దంగా ఉందండీ," అన్నాడు తాతారావు.

"రాయి తిరిగి మొలిచిందంటే మన మంచికే," అన్నాడు దస్తగిరి. కాని ఆ మాట ఎప్పటి గొంతులో రాలేదు.

మూడింటికి బోర్డు వారి కారు దుమ్ము రేపుకుంటూ వచ్చింది. తాసిల్దారు గారు దిగారు. జ్వరం తగ్గి, మఫ్లరు చుట్టుకుని ఇంజనీరు పాపారావు గారు దిగారు. అప్పగింత సమయంలో దిబ్బకూ రైలు కట్టకూ మధ్య పొలాల రైతులందరూ హాజరు కావాలని టముకు వేయించారు కనక పద్నాలుగు మందిలో పదమూడు మంది వచ్చి నిలబడ్డారు. ఒకరి వైపు ఒకరు చూసుకోలేదు. తాసిల్దారు గారు కాగితం బయటికి తీసి కలం మూత విప్పారు.

సరిగ్గా అప్పుడే పద్నాలుగోవాడు వచ్చాడు. ఒక చేతిని రైలు కట్ట మేస్త్రీ పట్టుకున్నాడు, రెండో చేతిని ఒక గ్యాంగు మనిషి. వెనక ఎడ్లబండిలో రాయి.

"అయ్యా, రైలు కంపెనీ రాయి పీకి తన పొలంలో పాతుకున్నాడండీ ఈ మనిషి. అక్షరాలతో సహా! భీమడోలు పోలీసు వాళ్లకి కబురు పంపాం. పొలం మీ తాలూకాలోది కనక మీకు చూపించి తీసుకెళదామని తెచ్చాం," అన్నాడు మేస్త్రీ.

"నిజమేనా?" అన్నారు తాసిల్దారు గారు.

వాళ్లు పట్టు వదలగానే మౌలాలి మసి చేతులు జోడించాడు. "నిజమేనండీ. నా రాయి పోయిందండీ, అందుకని తెచ్చుకున్నాను. ముందు పోయింది నాదండీ."

"నీ రాయి ఎవరు తీశారు?"

"నేను చూడలేదండీ."

తాసిల్దారు గారు రైతుల వైపు తిరిగారు. "ఇంకెవరిదైనా రాయి పోయిందా?"

ఎవరూ మాట్లాడలేదు. అబద్ధం కూడా కాదు. ప్రతివాడి పొలంలోనూ రాయి ఉంది. ఇస్సాకు కళ్లజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకోవడం మొదలుపెట్టాడు. అచ్చమ్మ కొల్లేటి మీద ఎగిరే కొంగలను ఎన్నడూ చూడనట్టు చూసింది.

"పోలేదుగా. అయితే ఇతను చెప్పేది అబద్ధం. తీసుకెళ్లండి," అన్నారు తాసిల్దారు గారు.

మౌలాలి ఎవరినీ బతిమాలలేదు. పోతూ పోతూ దస్తగిరి వైపు చూసి, "దస్తగిరి గారండీ, కాస్త మా ఇంట్లో చెప్పండి. మా ఆవిడ కుల్సుమ్ కంగారు పడుతుంది," అన్నాడు. ఏటా రంజాను ముందు దస్తగిరి ఇంటి గిన్నెలన్నిటికీ కళాయి వేసేది అతనే.

దస్తగిరి సర్వే పుస్తకంలో లెక్కలు ఎంత వేగంగా వేయగలడో, ఈ లెక్కా అంత వేగంగానే వేశాడు. నోరు విప్పకపోతే నాలుగు నిమిషాల్లో సంతకాలు, జూన్‌లో హెడ్ సర్వేయరు. నోరు విప్పితే పంతొమ్మిదేళ్ల రిజిస్టరులో మొదటి ఎర్రసిరా. రెండు వైపులా కూడి చూశాడు. మౌలాలి మసి చేతులు ఏ వైపు వేసినా లెక్క తేలలేదు.

"ఆగండి," అన్నాడు. "అయ్యా, మొదటి రాయి తీసింది నేనండీ. అచ్చమ్మ గారి మూలరాయి తీసి దిబ్బ మీద పాతించాను. అదిగో, ఆరోది. ఆ మనిషి చెప్పేది నిజమై ఉంటుందండీ."

తాసిల్దారు గారు కలం మూత మళ్లీ బిగించారు.

"నా రాయా!" అంది అచ్చమ్మ. "సున్నం కొట్టి నా కళ్ల ముందే పెట్టారా! అయ్యో, నేను అనవసరంగా మాస్టారి రాయి..." అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అప్పటికే ఆలస్యమైంది.

"విన్నారాండీ? నా రాయి ఆవిడే తీసింది!" అన్నాడు ఇస్సాకు.

"అయితే మా రాయి తీసింది మీరా మాస్టారూ?" అన్నాడు ఆయన పక్క రైతు సూర్యనారాయణ.

"మరి మాది?" అన్నాడు సూర్యనారాయణ పక్కవాడు.

ఆ ప్రశ్న ఒకరి మీది నుంచి ఒకరి మీదికి దూకుతూ రైలు కట్ట దాకా వెళ్లింది. తన దొంగతనం ఇంకెవ్వరూ ఒప్పుకోలేదు. పక్కవాడి దొంగతనం మాత్రం ప్రతి ఒక్కరూ బండి, ఎడ్లు, గడ్డితో సహా రుజువు చేశారు. అయిదు నిమిషాల్లో పద్నాలుగు నేరాలు తేలాయి. తాసిల్దారు గారి ముఖం కందగడ్డలా అయింది.

"పద్నాలుగు మంది మీదా కేసులు పెట్టిస్తాను! సర్వేయరు మీద పదిహేనోది, కరణం మీద పదహారోది! ఇన్ని హద్దులు చెడిపోయాక అప్పగింత ఎలా జరుగుతుంది? దిబ్బ నుంచి రైలు కట్ట దాకా ప్రతి పొలమూ మళ్లీ కొలిపిస్తాను. ముప్పై ఏళ్ల నాటి రికార్డు తీయించి గజం గజం చూస్తాను!"

కేసులు అన్నప్పుడు రైతులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. మళ్లీ కొలత అనగానే నోళ్లు మూతపడ్డాయి. ముప్పై ఏళ్లలో ఎవరి పొలం బండ్ల దారిని ఎంత తిన్నదో, ఎవరి గట్టు పోరంబోకులోకి ఎంత జరిగిందో ఎవరికి వారికి తెలుసు. ఇస్సాకు మాస్టారికి కూడా తెలుసు.

ఇంజనీరు పాపారావు గారు ఇంతసేపూ మఫ్లరు సర్దుకుంటూ వింటున్నారు. ఇప్పుడు మెల్లగా దగ్గారు.

"ఏవండీ, నాకొకటి అర్థం కాలేదండీ. ఆ రాళ్లతో ఇంత గొడవ దేనికి? రేపు మేం భూమి తీసుకోగానే అవన్నీ పీకించేస్తామండీ. విమానం దిగే చోట మొనదేలిన రాయి ఉంటే ఎలా? నేలకు సమానంగా సున్నం గీతలు వేయించుకుంటాం."

దస్తగిరి పక్కనున్న ఆరో రాయి మీద చతికిలబడ్డాడు.

"నాకు కావలసింది వీళ్ల సంతకాలండీ," అన్నారు పాపారావు గారు. "దిబ్బ హద్దుల విషయంలో గాని, తమలో తమ హద్దుల విషయంలో గాని తగాదా లేదని పద్నాలుగు మందీ సంతకం చేయాలి. అది లేకపోతే మద్రాసు వాళ్లు ఒప్పుకోరు. ఇప్పుడీ స్థితిలో ఎన్నేళ్లు పడుతుందో ఏమో."

దస్తగిరి లేచాడు. ఎప్పటి గొంతు ఆయనకు మళ్లీ దొరికింది. తాసిల్దారు గారి వైపు తిరిగి చేతులు కట్టుకున్నాడు.

"అయ్యా, ఒక్క మనవి. తగాదా ఉన్న చోట మళ్లీ కొలత తప్పదు. తగాదా లేదని అందరూ రాసిస్తే, రూలు ప్రకారం కొలత అవసరం ఉంటుందాండీ?"

తాసిల్దారు గారు ఆయన వైపు చూశారు. రైతుల వైపు చూశారు. చేతిలో రెండేళ్ల ఫైలు వైపు చూశారు.

"తగాదా లేనప్పుడు కొలత దేనికయ్యా?" అన్నారు.

"ఎక్కడ పెట్టాలండీ వేలిముద్ర?" అని అచ్చమ్మ ముందుకు వచ్చింది.

బోర్డు వారి కారు ముందు భాగం మీదనే కాగితం పరిచారు. అచ్చమ్మ వేలిముద్ర వేసింది. వెనకే ఇస్సాకు ముత్యాల్లాంటి అక్షరాలతో సంతకం చేశాడు. పదకొండేళ్లుగా ఇద్దరు ప్లీడర్లు, ముగ్గురు జడ్జీలు తేల్చలేని గట్టు తగాదా ఆ కాగితం మీద, ఇద్దరికీ తెలిసే, సమసిపోయింది. "మీ మనవడు బాగున్నాడాండీ?" అని ఇస్సాకు అడిగాడు. "బంగారంలా ఉన్నాడండీ మాస్టారూ," అంది అచ్చమ్మ. ఒకరినొకరు తోసుకుంటూ మిగిలినవాళ్లు కూడా పెట్టేశారు. చివర మౌలాలి మసి బొటనవేలికి సిరా కూడా అక్కర్లేకపోయింది. అంతా కలిసి అరగంట పట్టలేదు.

మేస్త్రీ తన రాయి తనకు దక్కింది కనక, దారితప్పిన రాయి దొరికినట్టు రాసుకుంటానని ఒప్పుకున్నాడు. అతను కదిలాక రైతులు బండ్లు కట్టారు. ఈసారి గడ్డి లేదు. పద్నాలుగు మందీ పద్నాలుగు గోతుల దగ్గరా గుంపుగా నిలబడి, జ్ఞాపకానికి చోటివ్వకుండా, ఏ రాయి ఏ గోతిలోదో ఆ గోతిలోనే పాతించారు. అచ్చమ్మ తన రాయి మీది సున్నం గోరుతో గీకి చూసుకుంది.

"బాగుందండీ," అని పాపారావు గారు ఏలూరు నుంచి తెచ్చుకున్న అసలు పటం మడతపెట్టబోతూ ఆగారు. "కరణం గారూ, మీరు ఆరు రాళ్లంటున్నారు. దీంట్లో అయిదే ఉన్నాయేమండీ?"

దస్తగిరి రెండు పటాలూ పక్కపక్కన పెట్టి చూశాడు. అసలు పటంలో ఒకటో రాయికీ అయిదో రాయికీ మధ్య తిన్నని గీత తప్ప ఏమీ లేదు. కరణం నకలులో ఆ గీత మధ్యన నల్లగా, గుండ్రంగా చుక్క ఉంది.

"మొన్న నకలు తీసేటప్పుడు కలం విదిలించానండీ," అని తాతారావు, ఎండ దిగిపోయినా, గొడుగు విప్పుకున్నాడు.

తాసిల్దారు గారు దస్తగిరిని పక్కకు పిలిచారు. "నువ్వు చెప్పిన మొదటి మాట నేను వినలేదు. రెండో మాట విన్నాను. ఇంకెప్పుడైనా రాయి జోలికి వెళ్లావంటే నిన్నే పాతిస్తాను," అన్నారు. కాస్త ఆగి, "ఆ కళాయివాణ్ణి కారులో గుండుగొలనులో దింపుదాం రా," అన్నారు.

జూన్ రెండో వారంలో హెడ్ సర్వేయరుగా దస్తగిరి పేరు వచ్చింది. దాంతోపాటు కలెక్టరు గారి ఆఫీసు నుంచి ఒక మెచ్చుకోలు కాగితం వచ్చింది. ఈ జిల్లాలో సర్కారు భూమి ఒక్క ఆక్షేపణ కూడా లేకుండా బోర్డుకు దఖలు పడడం ఇదే మొదటిసారి అనీ, పద్నాలుగు మంది రైతులను ఒక్క పూటలో ఒప్పించిన నేర్పు ప్రశంసనీయమనీ అందులో ఉంది. తాడేపల్లిగూడెం దగ్గర కూడా ఇలాంటి మైదానం ఒకటి తలపెట్టారట. అక్కడ చుట్టూ నలభై ఇద్దరు రైతులు. పుల్లేటిదిబ్బలో ఏ పద్ధతి అనుసరించిందీ వివరిస్తూ హెడ్ సర్వేయరు వెంటనే నివేదిక పంపవలసిందని ఉత్తర్వు.

దస్తగిరి కొత్త కుర్చీలో కూర్చుని కాగితం పైన తేదీ వేశాడు; ఆ తేదీ వేసి ఇప్పటికి మూడు రోజులైంది, దాని కింద ఇంకా ఒక్క అక్షరం పడలేదు.